కలబెట్టని బావి

18 ఏప్రిల్ 1943, ఆదివారం. బాగేపల్లి.

బెంగళూరు నుంచి గాజు గొట్టం వచ్చింది. గడ్డిలో చుట్టి పంపినారు, పగల్లేదు. ఇంత పొడుగు గొట్టంతో హెల్త్ ఇన్‌స్పెక్టరుకు ఏం పని అని జలజ అడిగింది. డిపార్ట్‌మెంటు పని కాదు, నా పని అన్నాను.

వసారాలో బల్ల మీద ఇటుకలు పెట్టి అమర్చినాను. ఒక కొస పైన నీళ్ల కుండ, ఇంకో కొసన కుళాయి. పారే నీళ్ల నడిమికి సన్నని మొన గుండా పర్మాంగనేటు నీళ్లు వదలాలి. కుళాయి కొంచెమే తిప్పితే నేరేడుపండు రంగు దారం ఒకటి గొట్టం పొడుగునా గీత గీసినట్టు నిలుస్తుంది. పక్కనే తెల్లనీళ్లున్నా కలవదు. ఇంకొంచెం తిప్పితే దారం వణుకుతుంది. ఆపైన వెంట్రుకవాసి తిప్పితే చాలు, తెగి, సుళ్లు సుళ్లుగా విరిగి, గొట్టమంతా ఒకటే రంగు. ఆ వెంట్రుకవాసి ఎక్కడుందో పట్టుకోవాలని సాయంత్రం దాకా కూర్చున్నాను. జలజ కూడా కూర్చుంది. మొదటిసారి దారం తెగినప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

నాయన చనిపోయిన ఏడు చదువు ఆపి మా ఊరు సోమేనహళ్ళికి తిరిగిరాకుండా ఉంటే ఈ పాటికి డిగ్రీ ఉండేది. అయినా ప్రొఫెసరుగారు నన్ను మరిచిపోలేదు. గొట్టంతో పాటు జాబు పెట్టినారు. పారే నీళ్ల సంగతి చాలామంది చూసినారు, లోతుగా, కదలకుండా ఉండే నీళ్లలో రంగు ఎట్ల పాకుతుందో మన తట్టు ఎవరూ కొలవలేదు, నీకు బావులకు కొదవలేదు కదా అని రాసినారు. ఆ మాట నాలుగుసార్లు చదివినాను.

23 ఏప్రిల్, శుక్రవారం

చిత్రావతి ఒడ్డున రెండు ఊళ్లలో కాలరా. ఏట్లో నీళ్లు లేవు, చెలమలు తోడుకుని తాగుతున్నారు. మారెమ్మకు కోపం వచ్చిందని జనం అంటున్నారు. తాలూకాలో ఉన్న బావులన్నిటికీ మందు వేయమని ఆర్డరు. బ్లీచింగ్ పౌడరు యుద్ధానికి పోతూ ఉంది, మనకు లేదు. పర్మాంగనేటు డబ్బాలు రెండే.

27 ఏప్రిల్, మంగళవారం

ఈ పొద్దుకు పదకొండు బావులు అయినాయి. మందు వేసేది నేను, కలబెట్టేది నా ప్యూను అంజినప్ప. వాడికి యాభై దాటింది. నాకు ముందు నలుగురు ఇన్‌స్పెక్టర్లను చూసినాడు. పొడుగాటి వెదురుకు అడ్డకర్ర కట్టి బావి అడుగు నుంచి పైకి లాగుతాడు. మళ్ళా ముంచుతాడు, మళ్ళా లాగుతాడు. వంద లెక్క అయ్యేదాకా ఆపడు. ఇరవై చాలదా అని అడిగితే, "కుదిపితేనే సామీ మందు పారేది. లేకపోతే అది ఒకతట్టు, నీళ్లు ఒకతట్టు" అన్నాడు. నాకు గొట్టం కావాల్సి వచ్చింది, వాడికి వెదురుతోనే తెలిసింది.

పెళ్ళాం పంపిందని చింతచిగురు మూట తెచ్చి జలజకు ఇచ్చినాడు. ఆమె పేరు వెంకటలక్ష్మమ్మ. బండ్లపేటలో ఉంటారు.

1 మే, శనివారం

పెద్ద గాజు జాడీలో నీళ్లు పోసి, అడుక్కు మందు నీళ్లు మెల్లగా వదిలి ఈ పొద్దుకు నాలుగో రోజు. అడుగున నాలుగు వేళ్ల మందం ఊదా. పైనంతా తెలుపు. ఎవరూ తాకకపోతే కలవదు. మందు నీళ్లు బరువు, చల్లన. పై నీళ్లు ఎండకు వెచ్చన. ఇది జాడీ. బావిలో ఎట్లుంటుందో?

5 మే, బుధవారం

అశ్వత్థప్పశెట్టి ఇంటికి వచ్చినాడు. బండ్లపేటలో బండ్లవాళ్ల కోసం సత్రం కట్టించినాడు. వాళ్ల అమ్మ కన్యకమ్మ ముచ్చట అది. ఆదివారం ప్రవేశం, నాలుగు వందల మందికి భోజనాలు. వంటకూ తాగడానికీ నీళ్లు సత్రం వెనక మెట్ల బావివే. ఆ ఒక్క బావికి ఆదివారం అయ్యేదాకా మందు వేయొద్దని అడగడానికి వచ్చినాడు.

కుదరదన్నాను. ఆయన కోపం చేసుకోలేదు. నెమ్మదిగా చెప్పినాడు.

"ఊదా నీళ్లు చూస్తే జనం తాగరప్పా. ఆకు ముందర కూర్చుని లేచిపోతారు. పోయి ఏటి చెలమల్లో తాగుతారు. దానికంటే ఇది మేలు కదా?"

అది అబద్ధం కాదు. పోయిన వారం రెండు ఊళ్లలో అట్లే చేసినారు. నా కళ్లతో చూసినాను.

ఆలోచించి చెబుతానన్నాను. ఆయన పోయినాక జాడీ ముందర చాలాసేపు నిలబడినాను.

6 మే, గురువారం

మందు వేయకుండా వదిలేది లేదు. వేస్తాను. గుడ్డలో కట్టి అడుక్కు దించుతాను. రంగు కిందనే ఉంటుంది, పైన తేటగా ఉంటుంది, జనం తాగుతారు. నాలుగు వందల కడవలు ముంచితే బావి ఎంత కదలాలి? ఆ కదలికకు మందు కొంచెం కొంచెంగా పైకి వస్తుంది. కంటికి కనపడనంత. ఆ మాత్రం చాలు.

అశ్వత్థప్పకు సరేనని కబురు పంపినాను. ఆయన చాలా సంతోషపడినాడట.

7 మే, శుక్రవారం

లోతు కొలవడానికి సత్రం బావికి పోయినాను. నీళ్లు ఎనిమిది మొళాలు, రెండు నిలువుల లోతు. ఏటి తట్టు నుంచి వచ్చిన బండ్లవాళ్ల ఆడమనిషి ఒకతె కింది మెట్టు మీద బిడ్డ బట్టలు జాడిస్తాండాది. బిడ్డకు ఒళ్లు బాగలేదంట. ఇక్కడ ఉతకకూడదని చెప్పి పంపినాను. రిపోర్టు రాయాలి.

మెట్ల బావి కాబట్టి ఎవరూ చేద వేయరు. మెట్టు మీద వంగి పైనీళ్లు ముంచుకుంటారు. ఇది నిన్న తోచలేదు. అయినా నాలుగు వందల కడవలు.

8 మే, శనివారం

సాయంత్రం నాలుగింటికి మందు దించినాము. మూట కట్టింది, తాడు పట్టింది అంజినప్ప. మూట అడుగు తాకినాక వెదురు తీసినాడు. వద్దన్నాను.

"కలబెట్టకపోతే యెట్ల సామీ?"

ఈ బావికి వేరే లెక్క ఉందని చెప్పినాను. వాడు నా ముఖం చూసి వెదురు కింద పెట్టినాడు. రేపు పొద్దున నుంచి మెట్ల దగ్గర నిలబడి, ఎవరూ లోతుగా ముంచకుండా, నీళ్లు కదిలించకుండా చూడమని చెప్పినాను. కింద రంగు లేస్తే జనం బెదురుతారని చెప్పినాను.

రిజిస్టరులో ఎప్పటిలాగే కన్నడంలో రాసినాను, మందు వేసి కలబెట్టినామని. అన్ని బావులకూ అదే వాక్యం. వేరే వాక్యం రాయడానికి గడి కూడా లేదు.

9 మే, ఆదివారం

పొద్దున ఆరింటికి, జనం రాకముందే, బిరడాకు దారం కట్టిన సీసా దించి ఒక్కొక్క లోతులో నీళ్లు తీసినాను. పైన తేట. రెండు మొళాల కింద తేట. నాలుగు మొళాలకు తేటే, గాజుకు వెనక తెల్ల కాగితం పెట్టి చూసినా తేటే. ఆరు మొళాలకు ఊదా. అడుగున సిరా. గీత కత్తితో కోసినట్టుంది. పద్నాలుగు గంటలు అయినా ఒక్క మొళం పైకి రాలేదు!

ఇంటికి పరుగెత్తుకొచ్చి పట్టిక రాసినాను. జలజకు చూపించినాను. పై నీళ్లు అద్దం మాదిరి ఉన్నాయని చెప్పినాను. ఇంత సంతోషం నాకు చదువు మానినాక ఇదే.

భోజనాలు బాగా జరిగినాయి. కన్యకమ్మగారు నాకు తాంబూలం ఇచ్చి, నీళ్లు చక్కగా ఉన్నాయప్పా, మందు వేసినట్టే లేదు అన్నారు. అంజినప్ప పొద్దున నుంచి మూడింటిదాకా మెట్ల దగ్గరే నిలబడినాడు. అందరూ మెల్లగా, పైపైన ముంచుకున్నారు. నేను మాత్రం ఇంటి నుంచి నీళ్లు తీసుకుపోయినాను. ఎప్పుడూ తీసుకుపోతాను. అది నా అలవాటు.

10 మే, సోమవారం

ప్రొఫెసరుగారికి జాబు రాసి, పట్టిక చేర్చినాను. ఇంకా పోస్టు చేయలేదు.

11 మే, మంగళవారం

బండ్లపేటలో ఇద్దరికి వాంతులు, భేదులు. ఎండలు ఎక్కువగా ఉన్నాయి. సత్రంలో పెట్టిన మామిడికాయ పులిహోర మధ్యాహ్నానికి పులిసింది, నేనే చూసినాను. పులిహోర అయి ఉంటుంది.

12 మే, బుధవారం

ఏడుగురు. పులిహోర కాదు.

బావికి ముళ్లకంప వేయించినాను. ఇప్పుడు కలబెట్టేదా అని అంజినప్ప అడిగినాడు. ఇప్పుడెందుకు, ఎవరూ తాగరు కదా అన్నాను. ఉప్పునీళ్లు కాచి తాపమని ఇల్లిల్లూ తిరిగి చెప్పినాము. కొందరు తలుపు తీయలేదు. మారెమ్మకు వేపమండలు కట్టినారు. మందు నీళ్లతో అమ్మకు కోపం వచ్చిందని ఒక ముసలమ్మ అనింది. దానికి జవాబు చెప్పాలంటే నీళ్లలో మందు లేదని చెప్పాలి.

13 మే, గురువారం

వెంకటలక్ష్మమ్మ పోయింది. పొద్దున పదకొండింటికి.

అంజినప్ప మూడింటికి పనికి వచ్చినాడు. వద్దన్నాను. ఇంట్లో యేం చేయల్ల సామీ అన్నాడు. ఇద్దరమూ ఉప్పు పొట్లాలు కట్టినాము.

15 మే, శనివారం

పందొమ్మిది మంది పోయినారు. సత్రంలో తిని పోయిన బండ్లవాళ్ల వల్ల చింతామణిలో కూడా ముగ్గురికి తగులుకుందట. సంత రోజు చేరినారట. పొద్దున పోస్టులో చదివినాను. ఒక్క మనిషి సంతలోకి పోతే చాలు, ఆ తోపులాటలో ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో ఎవరూ గీత గీసి చూపించలేరు.

గొట్టం బల్ల మీద నుంచి తీసి అటక మీద పెట్టినాను. జలజ ఎందుకని అడగలేదు.

16 మే, ఆదివారం

జిల్లా ఆఫీసరు చిదంబరంగారు వచ్చినారు. రిజిస్టరు చూసినారు. బావి దగ్గర కంప తీయించి, సీసా దించమన్నారు. పైన తేట. నడుమ తేట. అడుగున ఇంకా ఊదా. ఎనిమిది దినాలకు.

సీసా ఎండకు ఎత్తి చాలాసేపు చూసినారు. తరువాత అంజినప్పను కన్నడంలో అడిగినారు, కలబెట్టినావా అని. లేదన్నాడు. ఎందుకంటే, సార్ ఈ బావికి వద్దన్నాడు అని చెప్పినాడు. నేరం చెప్పినట్టు కాదు, అడిగినదానికి జవాబు చెప్పినట్టు.

చిదంబరంగారు నా తట్టు తిరిగినారు. కలబెట్టవద్దని చెప్పినావా అని అడిగినారు.

నాకు గుర్తులేదని చెప్పినాను.

అంజినప్ప నా తట్టు చూడలేదు. బావి తట్టే చూస్తూ నిలబడినాడు. వాడి చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. పని నుంచి తీసేసినారు.

17 మే, సోమవారం

ఆ పొద్దు పదహారు రకాల పనులు. బావులే ఇరవై దాటినాయి. ఏ బావి దగ్గర ఏం చెప్పినానో ఎవరికి గుర్తుంటుంది? కలబెట్టు అని ప్రత్యేకంగా చెప్పలేదేమో. వద్దని చెప్పడం, చెప్పకపోవడం వేరు వేరు.

18 మే, మంగళవారం

నాకు నిజంగానే గుర్తులేదు.

19 మే, బుధవారం

గుర్తులేదు.

20 మే, గురువారం

భోజనం దగ్గర జలజతో అన్నాను, అంజినప్ప పెద్దవాడైనాడు, పొరపాటు చేసి ఉంటాడు, పైన నీళ్లకు మందు అందలేదని నాకు మాత్రం ఎట్ల తెలుస్తుంది అని. ఆమె వడ్డిస్తూ ఆగింది. గొంతు పెంచలేదు.

"ఆ ఆదివారం పొద్దున మీరే చెప్పినారు. పై నీళ్లు అద్దం మాదిరి ఉన్నాయని. నాకు పట్టిక చూపించినారు. నవ్వుతాండారు."

అన్నం ముందర నుంచి లేచినాను. ఈ పుస్తకం తీసి తొమ్మిదో తేదీ చదివినాను. నా చేతిరాతే. నాలుగు సార్లు తేట అని రాసినాను. జనం రావడానికి ముందు, ఆరింటికి. అప్పుడు కూడా వెదురు తీసి కలబెట్టి ఉండొచ్చు. వంద లెక్క పెట్టడానికి అరగంట. ఊదా నీళ్లు చూసి పదిమంది ఆకు ముందు నుంచి లేచిపోయి ఉండేవాళ్లు. ఆ పదిమంది కోసం కాదు నేను ఆగింది. అశ్వత్థప్ప కోసం కూడా కాదు. గీత చెదిరిపోతుందని.

ఇది రాయడానికి పదకొండు దినాలు పట్టింది.

22 మే, శనివారం. చిక్కబళ్ళాపురం.

పొద్దున మొదటి బస్సుకు వచ్చినాను. చిదంబరంగారు ఇక్కడ బంగళాలో దిగినారు. ప్రొఫెసరుగారికి రాసి పోస్టు చేయని జాబులో నుంచి పట్టిక తీసి, దాని కింద నాలుగు వాక్యాలు రాసి ఇచ్చినాను. కలబెట్టవద్దన్నది నేను. పొద్దున నీళ్లు తీసి చూసింది నేను. పైన మందు లేదని తెలిసీ జనాన్ని ముంచుకోనిచ్చింది నేను. అంజినప్ప నా మాట విన్నాడు.

ఆయన రెండుసార్లు చదివినారు. కళ్లజోడు తీసి, రిపోర్టు ఇప్పటికే పైకి పోయిందని చెప్పినారు. ప్యూనుకు పోయేది పని, అది ఇంకెక్కడైనా ఇప్పించవచ్చు, ఇన్‌స్పెక్టరే ఇట్ల చేసినాడని తెలిస్తే ఈ జిల్లాలో ఇక ఎవరూ బావికి మందు వేయనివ్వరు, చింతామణిలో రేపటి నుంచి మందు వేయాలి, ఆలోచించుకో అన్నారు. కాగితం నా తట్టు జరిపినారు. ఆయన చెప్పినదాంట్లో కూడా అబద్ధం లేదు. అశ్వత్థప్ప చెప్పిందీ అట్లే ఉండింది.

ఆయన ఇంకొకసారి జరిపి ఉంటే తీసుకుని ఉండేవాడిని. అందుకే నిలబడకుండా, కాగితం అక్కడే వదిలి బయటికి వచ్చేసినాను. వరండాలో పంఖా లాగే మనిషి నీళ్లు తాగుతారా అని అడిగినాడు. వద్దన్నాను.

26 మే, బుధవారం

సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. చింతామణికి కోలారు నుంచి వేరే మనిషిని పంపినారట. అక్కడ ఎనిమిది మంది పోయినారు.

30 మే, ఆదివారం

అశ్వత్థప్పశెట్టి వీధిలో ఎదురుపడినాడు. పలకరించబోయి, తల దించుకుని పోయినాడు. కన్యకమ్మగారు సత్రానికి తాళం వేయించినారట. ఆయనను నేను తప్పు పట్టలేను. నీళ్ల సంగతి ఆయనకు తెలియదు. తెలిసినవాడినని నమ్మి నా దగ్గరికి వచ్చినాడు.

అంజినప్ప ఇంటికి మూడుసార్లు బయలుదేరినాను. ఒకసారి వాళ్ల వీధి మొదటి దాకా పోయినాను.

4 జూన్, శుక్రవారం

సామాను కట్టినాము. రేపు సోమేనహళ్ళికి ప్రయాణం.

పది గంటలప్పుడు అంజినప్ప వచ్చినాడు. ఇన్ని దినాలకు మొదటిసారి. తల గొరిగించుకున్నాడు. చేతిలో తపాలా కవరు. లోపలికి రమ్మంటే రాలేదు, వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాడు.

"కన్నడం కాగితం సామీ. తాలూకాఫీసులో ఇచ్చినారు. చదివి చెప్పల్ల."

వీధి చివర స్కూలు మేష్టరు ఉన్నాడు. పోస్టుమాస్టరు ఉన్నాడు. ఇట్లాంటి కాగితం ఏది వచ్చినా ఇన్నేళ్లూ ఇన్‌స్పెక్టరు దగ్గరికే తెచ్చినాడు. అట్లే తెచ్చినాడు.

విప్పినాను. కింద చిదంబరంగారి సంతకం. ప్యూను అంజినప్ప మీద తప్పు లేదని తేలింది, జూన్ ఏడు నుంచి పనిలో చేరవచ్చు. అంతవరకు చదివి తెలుగులో చెప్పినాను. వాడు తల ఊపినాడు. ఇంకా ఉండాదే సామీ, కింద ఇంతుండాది అని వేలు పెట్టి చూపించినాడు.

మిగిలింది చదివినాను. మందు నీళ్ల అడుగునే ఉండిపోయిందని, పై నీళ్లకు అందలేదని తెలిసీ, కలబెట్టనీయకుండా, జనానికి ఆ నీళ్లు ఇప్పించినది ఇన్‌స్పెక్టరు శ్రీకంఠ. బండ్లపేటలో పందొమ్మిది చావులకు ఆ నీళ్లే కారణం. నా పేరు నేనే చదివినాను. గొంతు ఎక్కడా ఆగలేదు. ఆగితే బాగుండేది.

వాడికి కోపం వస్తుందనుకున్నాను. ఆ కోపానికి సిద్ధంగా ఉన్నాను. వాడు అయోమయంగా చూసినాడు.

"అంటే మారెమ్మ కాదా?"

"కాదు."

"అమ్మ తీసుకుపోయిందనుకున్నా సామీ. మా ఆడదాన్ని. అమ్మకు కోపం, నేనేం చేసేది అనుకుంటి."

ఇరవై దినాలుగా వాడికి ఉన్న ఆసరా అది. నిజం రాసిచ్చినప్పుడు వాడి పని తిరిగి వస్తుందని అనుకున్నాను. ఇంకేం పోతుందో ఆలోచించలేదు.

మళ్ళా మాట్లాడినాడు, నాతో కాదు, వీధితో.

"ఆ పొద్దు కడవ తెచ్చి లోతుగా ముంచబోయింది. నేనే చెయ్యి పట్టుకున్నా. పైపైన ముంచు, కింద కదిలించొద్దు, సార్ చెప్పినాడు అంటి. నవ్వింది. నీకెప్పుడూ నీ సారే అనింది. నేనే ముంచి నెత్తికెత్తినా."

జలజ తలుపు దగ్గరికి వచ్చి, విని, లోపలికి పోయింది. వాడు కాగితం నా చేతిలో నుంచి తీసుకోలేదు.

"ఇంగొకసారి చదువు సామీ. మెల్లగా."

చదివినాను.